పికప్ ట్రక్కు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మీరే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ ఆయిల్ ఏళ్ల తరబడి సొంతంగా మార్చుకునేవాళ్లు కూడా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి వెనకాడతారు. వాళ్లు అడిగే సందేహాలు ఎప్పుడూ ఇంచుమించు ఇవే. పని జరిగే వరుసలో వాటిని ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసింది చూసుకోండి.

## మార్చాలా, వద్దా

గేర్లు బాగానే పడుతున్నాయి. అయినా ఆయిల్ మార్చాలా?

బాగా పడుతున్నప్పుడే మార్చాలి. ఈ ఆయిల్, అంటే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్), భాగాలు అరక్కుండా చూడటంతో ఆగదు. పంపు ఒత్తిడిని క్లచ్‌ల దాకా మోసుకెళ్లేది అదే. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించేది అదే. వేడిని కూలర్‌కు చేర్చేదీ అదే. క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా పట్టుకోవాలో తేల్చే రసాయనాలు కూడా అందులోనే ఉంటాయి, అవి వేడికి కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. గేరు జారడం మొదలయ్యాక మారిస్తే ఆయిల్ కొత్తదవుతుంది గానీ కాలిన ప్లేటు కొత్తది కాదు.

మాన్యువల్‌లో "లైఫ్‌టైమ్ ఆయిల్" అని ఉంది. మరి మార్చడం ఎందుకు?

చాలా పికప్‌లలో వాడే 8 గేర్ల జెడ్‌ఎఫ్ గేర్‌బాక్స్ సంగతే తీసుకోండి. దాన్ని బిగించుకున్న బండి కంపెనీలు కొన్ని మార్చనక్కర్లేదన్నాయి. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చమంటుంది. నేను తయారుచేసినవాళ్ల మాటే వింటాను. మీ మాన్యువల్‌లో భారీ వాడకానికి వేరే పట్టిక ఉందేమో కూడా చూడండి. ట్రైలర్ లాగే పికప్ ఆ పట్టిక కిందికే వస్తుంది.

ఇంతకీ ఎన్ని కిలోమీటర్లకు?

మాన్యువల్ చెప్పిందే మొదటి మాట. అది ఏమీ చెప్పకపోతే, ట్రైలర్లు, బరువులు, ఘాట్ రోడ్లు ఉన్న బండికి 50,000 దగ్గర, ఖాళీగా తిరిగే బండికి 80,000 నుంచి లక్ష మధ్య మార్చమని నా సలహా. లెక్కలోకి రావాల్సింది దూరం కన్నా వేడి. ఆయిల్ మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేస్తుంది. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని మెకానిక్‌లు వేసుకునే మోటు లెక్క. ఎండలో, ఎత్తు మీదికి, బరువుతో ఒక్క రోజు లాగిన బండి ఆయిల్ మామూలు బండిలో నెలల తరబడి తిరిగిన ఆయిల్ కన్నా ఎక్కువ దెబ్బతినొచ్చు.

లక్షన్నర కిలోమీటర్లు దాటింది, ఒక్కసారీ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుందట, నిజమేనా?

ఈ భయం ఊరికే పుట్టలేదు, కానీ నింద పడాల్సిన చోట పడలేదు. చాలామంది గేరు జారడం మొదలయ్యాకే ఆయిల్ మార్చడానికి వెళ్తారు. అప్పటికే ప్లేట్ల మీది రాపిడి పొర అరిగిపోయి ఉంటుంది. ఆ పొడి పాత ఆయిల్‌లో తేలుతూ ప్లేట్లకు ఎంతోకొంత పట్టు ఇస్తూ ఉండొచ్చు. శుభ్రమైన ఆయిల్ రాగానే ఆ కాస్త పట్టూ పోతుంది, వారంలో బండి ఆగుతుంది, తప్పు ఆయిల్ మీదికి వెళ్తుంది. నిజానికి ఆ గేర్‌బాక్స్ చావు అంతకుముందే మొదలైంది.

కాబట్టి చూడాల్సింది మీటరు మీది అంకె కాదు, బండి నడిచే తీరు. గేర్లు జారకుండా, ఆలస్యం లేకుండా పడుతున్నాయా? ఆయిల్‌కు మాడు వాసన లేదా? అయితే పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) దించి, ఫిల్టర్ మార్చి, కారినంత కొత్తది పోయండి. మిషన్ పెట్టి మొత్తం కడిగించకండి. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి ఇలాగే చేయండి. ఇప్పటికే జారుతున్న బండికైతే ఆయిల్ మార్పు వైద్యం కాదు.

రంగు చూసి చెప్పొచ్చా?

పూర్తిగా కాదు. ఎరుపు అనేది కలిపిన రంగే. కొన్ని ఆయిళ్లు ఆరోగ్యంగా ఉండగానే ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి, కొన్ని అసలు ఎర్రగానే ఉండవు. తెల్లటి కాగితం మీద ఒక చుక్క వేసి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూడండి. కాలిన వాసన వచ్చి, వేళ్లకు గరుకుగా నల్లని నలుసులు తగిలితే లోపల ప్లేట్లు కాలుతున్నట్టు.

## కొనేముందు

ఏ ఏటీఎఫ్ కొనాలి? ఎర్రగా ఉన్నదేదైనా చాలదా?

చాలదు. ఈ పని మొత్తంలో సరిదిద్దుకోలేని తప్పు ఏదైనా ఉంటే అది ఇదే. డబ్బా ముందువైపు బొమ్మ కాదు, వెనక రాసిన స్పెసిఫికేషన్ చూడాలి. జనరల్ మోటార్స్ 2005లో తెచ్చిన డెక్స్‌రాన్ 6ను పాత డెక్స్‌రాన్ 3 అడిగే గేర్‌బాక్స్‌లలో పోయొచ్చు, 6 అడిగే దాంట్లో 3 మాత్రం పోయకూడదు. ఫోర్డ్ మెర్కాన్ వీ, మెర్కాన్ ఎల్‌వీ పేర్లు దగ్గరగా ఉన్నా ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. క్రైస్లర్, డాడ్జ్, రామ్ బళ్లలో చాలావాటికి ఏటీఎఫ్+4, కొత్త టయోటాలకు డబ్ల్యూఎస్. అన్ని బళ్లకూ సరిపోతుందని రాసిన ఆయిల్ నేను పోయను. వారంటీలో ఉన్న బండికైతే అసలే పోయకండి.

ఎన్ని లీటర్లు తెచ్చుకోవాలి?

పాన్ దించితే చాలా పికప్‌లలో 4 నుంచి 7 లీటర్లు కారుతుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. మాన్యువల్‌లో మొత్తం సామర్థ్యం, సర్వీసు సామర్థ్యం అని రెండు అంకెలుంటాయి. మీకు కావలసింది రెండోది. దానికి ఒకటి రెండు లీటర్లు ఎక్కువే తెచ్చుకోండి, మూత తీయని డబ్బా త్వరగా పాడవదు.

నా బండికి ఫిల్టర్ ఒకటా, రెండా?

మోడల్‌ను బట్టి. ఎక్కువ బళ్లలో పాన్ లోపల, పంపు ఆయిల్ పీల్చే చోట ఒకటుంటుంది. రామ్ హెవీ డ్యూటీ బళ్లలోని 68ఆర్‌ఎఫ్‌ఈ గేర్‌బాక్స్‌కి పాన్ లోపలే రెండుంటాయి: ఒకటి బల్లపరుపుగా, ఇంకోటి ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్‌లా తిప్పి బిగించేది. షెవ్రొలే, జీఎంసీ హెవీ డ్యూటీ పికప్‌లలో వచ్చిన అలిసన్ 1000కి బయటివైపు కూడా తిప్పి తీసే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని మార్చడానికి పాన్ ముట్టుకోనక్కర్లేదు, కానీ పాత ఫిల్టర్‌తో ఉన్న గుండ్రటి అయస్కాంతాన్ని తీసి కొత్తదానికి పెట్టాలి. చెత్తబుట్టలోకి పోయేది ఎక్కువగా ఆ అయస్కాంతమే. జెడ్‌ఎఫ్ 8 గేర్లలో ప్లాస్టిక్ పాన్‌లోనే ఫిల్టర్ కలిసి ఉంటుంది, మొత్తం పాన్ మార్చాల్సిందే.

ఒకే గేర్‌బాక్స్‌కు లోతు పాన్, తక్కువ లోతు పాన్ ఉండొచ్చని కూడా గుర్తుంచుకోండి. జీఎం 4ఎల్60ఈ అలాంటిదే. తక్కువ లోతు ఫిల్టర్‌ను లోతు పాన్‌లో పెడితే దాని నోరు ఆయిల్‌కు అందనంత పైన ఉండిపోతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎత్తు పోల్చాకే బిగించండి.

ఫిల్టర్ వదిలేసి ఆయిల్ ఒక్కటే మార్చొచ్చా?

పాన్‌కు డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ కార్చే బిరడా) ఉంటే మార్చొచ్చు, మధ్యలో చేసే మార్పులకు అది మంచిదే. మొదటిసారి మాత్రం పాన్ దించండి. లోపలి అయస్కాంతాన్ని చూడకుండా గేర్‌బాక్స్ ఎలా ఉందో తెలియదు.

## బండి కింద

జాకీ మీద ఎత్తి కిందికి దూరొచ్చా?

వద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి, చదును నేల మీద నాలుగు స్టాండ్లు, లేదా ర్యాంపులు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేయండి. కిందికి వెళ్లే ముందు బండిని గట్టిగా ఊపి చూడండి. చాలా పికప్‌లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఎత్తకుండానే దూరగలిగితే అన్నిటికన్నా అదే మేలు. లెవెల్ చూసేటప్పుడు బండి ఎలాగూ సమంగా ఉండాలి.

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు దించాలా, చల్లారాకా?

గోరువెచ్చగా ఉన్నప్పుడు. పది నిమిషాలు నడిపి, గంటసేపు వదిలేయండి. అప్పుడే ఆపిన బండిలో ఆయిల్ 90 డిగ్రీలుండొచ్చు, ముంజేతి మీద పడితే చర్మం ఊడుతుంది. పక్కనే ఉండే పొగ గొట్టం అంతకన్నా వేడి.

మొదట ఏ బోల్టు విప్పాలి?

ఆయిల్ పోసే ప్లగ్. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) లేని బండి అయితే అది కదులుతోందని చూసుకున్నాకే కింద కార్చండి. ఉన్నదంతా కార్చేసి, పైన ప్లగ్ తుప్పుపట్టి తిరగకపోతే ఆయిల్ లేని బండితో కూర్చోవాలి, దాన్ని షెడ్డుకు నడుపుకుని కూడా వెళ్లలేరు.

పాన్‌కు డ్రెయిన్ ప్లగ్ లేదు. మీద పోసుకోకుండా ఎలా దించాలి?

పాన్ కన్నా వెడల్పైన తొట్టి కింద పెట్టండి. ఒక మూల దగ్గరి రెండు మూడు బోల్టులు సగం దాకా వదులు చేసి వదిలేయండి. మిగతావి ఆ మూలకు ఎదురువైపు నుంచి ఒక్కొక్కటే పూర్తిగా తీస్తూ రండి. ప్యాకింగ్ అతుక్కుపోయి ఉంటే రబ్బరు సుత్తితో పక్క నుంచి మెల్లగా తట్టండి. పాన్ ఒకవైపుకు వాలి, అంచు నుంచి సన్నగా కారుతుంది. అలా వాలనిచ్చి పది నిమిషాలు ఆగండి. తొందరపడి చివరి బోల్టులు తీసేస్తే నాలుగు లీటర్లు ఒక్కసారిగా మోచేతి మీంచి చంకలోకి దిగుతుంది. అంచు సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి. గేర్‌బాక్స్ అల్యూమినియం, ఒక్క గీత పడినా అక్కడ జీవితాంతం చెమ్మ కారుతుంది.

అయస్కాంతం మీద బూడిదరంగు బురద పేరుకుంది. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

కాదు. వేళ్ల మధ్య వెన్నలా జారే మెత్తటి బూడిద పేస్టు మామూలు అరుగుదల, ఏ బండిలోనైనా ఉంటుంది. పాత గుడ్డతో తుడిచి, అయస్కాంతాన్ని ఉన్నచోటే పెట్టేయండి. గోటికి గుచ్చుకునే ఇనుప పెచ్చులు, గేరు పళ్ల ముక్కలు కనిపిస్తే ప్రమాదం. పసుపు పచ్చని ఇత్తడి లాంటి తళుకులు అయస్కాంతానికి అంటవు, పాన్ అడుగునే ఉంటాయి. అవి బుష్‌లు, వాషర్లు అరిగాయని చెబుతాయి. నల్లటి పొరలు ముద్దగా ఉంటే క్లచ్ ప్లేట్లవి. పాన్‌ను తుడవకముందే ఎండలో పెట్టి ఫోటో తీసుకోండి, వచ్చేసారి పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి రికార్డు లేదు.

పాన్‌లో ఒక ప్లాస్టిక్ బిరడా దొరికింది. ఏం విరిగింది?

ఫోర్డ్ ఈ4ఓడీ, 4ఆర్100 లాంటివైతే, అందులోనూ పాన్ మొదటిసారి దించుతుంటే, ఏమీ విరగలేదు. ఫ్యాక్టరీలో డిప్‌స్టిక్ గొట్టం బిగించేవరకు ఆ రంధ్రానికి పెట్టిన మూత అది. గొట్టం దిగేటప్పుడు లోపలికి పడిపోతుంది. పారేయండి. మీ మోడల్‌కు అలాంటి మూత లేకపోతే మాత్రం ఎక్కడిదో తేలేదాకా పాన్ మూయకండి.

పాత ఫిల్టర్ వచ్చేసింది, సీలు రాలేదు. దాని మీదే కొత్తది పెట్టొచ్చా?

పెట్టకండి. ఈ పనిలో నేను అందరికీ రెండుసార్లు చెప్పే విషయం ఇదే. ఫిల్టర్ మెడ పంపులోకి దూరే చోట ఒక సీలుంటుంది. చాలాసార్లు ఫిల్టర్ ఊడి వస్తుంది, సీలు పైనే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి రంధ్రంలో నల్లటి రబ్బరు, కింద పడుకుని చూస్తే కనపడదు. నా మొదటి పికప్‌కు పాత సీలు ఉండగానే కొత్త సీలున్న ఫిల్టర్‌ను నొక్కి పెట్టాను. గట్టిగా దూరిందని సంతోషించాను. స్టార్ట్ చేయగానే గుయ్యిమని సన్నటి ఏడుపు, గేరు వేస్తే రెండు క్షణాలు ఆగి కుదుపు. పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తోంది. పాన్ మళ్లీ దించాను, పోసిన కొత్త ఆయిలంతా తొట్టిలోకి వెళ్లింది.

అందుకే టార్చి వేసి, వేలు పెట్టి తడిమి చూడండి. సీలు ఉంటే, గోడకు గీత పడకుండా, దాని అంచును లోపలికి మడిచి లాగండి. కొత్త సీలుకు శుభ్రమైన ఏటీఎఫ్ రాసి ఎక్కించండి.

ప్యాకింగ్‌కు సిలికాన్ పూయాలా?

రబ్బరు ప్యాకింగ్‌కు ఏమీ పూయకూడదు. సిలికాన్ రాస్తే బిగించేటప్పుడు అది జారి బయటికి ఉబుకుతుంది, లోపలికి రాలిన ముక్కలు ఫిల్టర్‌కు అడ్డుపడతాయి. లోపల లోహపు పట్టీ ఉండే ప్యాకింగ్ చిరగకుండా, నొక్కుకుపోకుండా ఉంటే మళ్లీ వాడుకోవచ్చు. ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ లేకుండా సిలికాన్‌తో అతికించిన పాన్‌లు కొన్ని ఉన్నాయి. వాటికి ఏటీఎఫ్‌ను తట్టుకునే రకం సన్నని గీతగా పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి. ఏదైనా సరే, రెండు అంచులూ పొడిగా, నూనె మరక లేకుండా ఉండాలి.

పాన్ బోల్టులు ఎంత బిగించాలి?

మీరు అనుకునేదానికన్నా చాలా తక్కువ. చాలా బళ్లలో 8 నుంచి 15 న్యూటన్ మీటర్ల మధ్యే. మీ మోడల్ అంకె చూసుకుని, అన్నీ చేత్తో ఎక్కించి, మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించండి. ఇంచ్-పౌండ్లు, ఫుట్-పౌండ్లు ఒకటే అనుకుంటే అల్యూమినియంలో థ్రెడ్ పోతుంది: 100 ఇంచ్-పౌండ్లంటే 11 న్యూటన్ మీటర్లు, 100 ఫుట్-పౌండ్లంటే 135. కారుతుందేమోనని ఇంకో చుట్టు తిప్పితే పాన్ అంచు వంగి, అప్పుడే కారడం మొదలవుతుంది.

## నింపడం, లెవెల్ చూడటం

మొదట ఎంత పోయాలి?

కారినంత. తొట్టిలోని పాత ఆయిల్‌ను గుర్తులున్న ఖాళీ డబ్బాల్లోకి పోసి కొలవండి. ఐదు లీటర్లు వచ్చి ఉంటే నాలుగున్నర పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి ఉంచి ప్రతి గేరులోనూ కొన్ని క్షణాలు ఆపి పార్కుకు రండి. మిగతాది లెవెల్ చూసుకుంటూ కొద్దికొద్దిగా. పాతది ముందే తక్కువగా ఉండి ఉండొచ్చు కాబట్టి కొలత మొదలుపెట్టడానికే, చివరి మాట లెవెల్‌దే.

డిప్‌స్టిక్‌తో లెవెల్ ఎలా చూడాలి?

ఎక్కువ బళ్లకు సమమైన నేల మీద, ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, పార్కులో. అయితే డాడ్జ్ పాత 47ఆర్‌ఈ, 48ఆర్‌ఈ లాంటివాటికి న్యూట్రల్‌లో చూడాలి. హోండా రిడ్జ్‌లైన్‌లో డిప్‌స్టిక్ ఉన్న మోడల్‌కైతే వేడెక్కించి ఇంజిన్ ఆపేశాక, నిమిషంన్నర లోపు. ఒక బండి పద్ధతి ఇంకో బండికి పెడితే లీటరు తేడా రావచ్చు. పుల్ల తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయండి. రెండు వైపులా చూసి, తక్కువ చూపించినవైపే నమ్మండి, గొట్టం గోడకున్న ఆయిల్ ఇంకోవైపు అంటుకుని ఉంటుంది.

మా బండికి డిప్‌స్టిక్కే లేదు. ఎలా?

ఇలాంటివాటిలో చాలావరకు లెవెల్ చూసే ప్లగ్ ఉంటుంది. బండి సమంగా ఉండాలి, ఇంజిన్ నడుస్తుండాలి, ఆయిల్ చెప్పిన వేడిలో ఉండాలి. జెడ్‌ఎఫ్ 8 గేర్లకు ఆ వేడి 30 నుంచి 50 డిగ్రీలు, మిగతావాటికి మాన్యువల్‌లో ఉంటుంది. ఆ వేడిలో ప్లగ్ తీస్తే ఎక్కువైన ఆయిల్ ధారగా వచ్చి, సన్నబడి, చుక్కలుగా మారుతుంది. అప్పుడే మూయాలి. అసలేమీ రాకపోతే తక్కువుంది, పోయండి.

వేడి అంత ముఖ్యం ఎందుకంటే ఆయిల్ వేడికి ఉబ్బుతుంది. 80 డిగ్రీలుండగా ప్లగ్ తీస్తే ఉండాల్సిన ఆయిల్ కూడా కారిపోతుంది, చల్లారాక లెవెల్ తక్కువ. బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే ఓబీడీ పోర్టుకు పెట్టే చిన్న స్కానర్ గేర్‌బాక్స్ ఆయిల్ వేడిని చూపించగలదో లేదో కొనేముందే కనుక్కోండి. పాన్ మీద చెయ్యి పెట్టి అంచనా వేయడం దీనికి పనికిరాదు.

ఒక అర లీటరు ఎక్కువైతే ఏమవుతుంది?

లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలికి ఒత్తిడి నిలవదు, గేర్లు జారతాయి. గేర్‌బాక్స్ పైన ఉండే గాలి గొట్టం నుంచి పొంగి పొగ గొట్టం మీద పడితే మంట కూడా రావచ్చు. తీసేయండి: డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నటి పైపు దింపి చేతి పంపుతో లాగితే చాలు.

సగం పాత ఆయిల్ కన్వర్టర్‌లోనే ఉండిపోయింది కదా, ఏం లాభం?

12 లీటర్ల గేర్‌బాక్స్‌లో 6 మార్చారనుకోండి. ఇప్పుడు సగం కొత్తది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ 6 మారిస్తే ముప్పాతిక కొత్తది, మూడోసారికి 87 శాతం పైనే. మొదటిసారే ఫిల్టర్ మార్చారు కాబట్టి, డ్రెయిన్ ప్లగ్ ఉంటే తర్వాతివి అరగంట పని. నాకు నచ్చిన పద్ధతి ఇదే.

కూలర్ గొట్టం విప్పి, ఇంజిన్ నడుపుతూ పాతది బయటికి నెట్టే పద్ధతి కూడా ఉంది. రెండు లీటర్లు రాగానే ఇంజిన్ ఆపి, రెండు లీటర్లు పోసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు గొట్టం దగ్గర ఉండాల్సిందే, ఒంటరిగా చేస్తే పంపు పొడిబారుతుంది. కూలర్ దారిలో థర్మోస్టాట్ ఉన్న బళ్లలో ఆయిల్ వేడెక్కేదాకా ఆ గొట్టంలో ధార రాదు.

## మార్చాక

గేర్లు ముందుకన్నా మోటుగా పడుతున్నాయి. ఏదైనా తప్పు చేశానా?

ముందు లెవెల్ మళ్లీ చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. లెవెల్ సరిగ్గా ఉంటే, కంప్యూటర్ పాత ఆయిల్ పట్టుకు అలవాటుపడి ఉంది, కొత్తదానికి సర్దుకోవడానికి కొంత సమయం ఇవ్వండి. నెమ్మదిగా వేగం పెంచుతూ, తగ్గిస్తూ, అన్ని గేర్లూ పడేలా నడపండి. కొన్ని మోడళ్లకు స్కానర్‌తో పాత లెక్కలు చెరిపే వీలుంది. రెండు మూడు వందల కిలోమీటర్లకు కూడా కుదుపు పోకపోతే, పోసిన డబ్బా స్పెసిఫికేషన్ మళ్లీ చదవండి.

పాత ఆయిల్ గులాబీ రంగులో, పాలు కలిపినట్టు ఉంది. కొత్తది పోసి నడపొచ్చా?

నడపకండి. నీళ్లో, కూలెంటో కలిసింది. చాలా బళ్లలో గేర్‌బాక్స్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది, అది చిల్లుపడితే రెండూ కలుస్తాయి. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల మీది పొరను అంటించిన జిగురును వదులు చేస్తుంది. ముందు కూలర్ మార్చాలి, తర్వాత మొత్తం ఆయిల్ బయటికి పంపాలి. ఎక్కువ రోజులు అలాగే నడిచి ఉంటే ప్లేట్లు చూపించాలి. లోతు నీళ్లలో బండి దించినా గాలి గొట్టం నుంచి నీళ్లు చేరి ఇలాగే కనిపిస్తుంది.

మళ్లీ ఎప్పుడు కింద చూడాలి?

మొదటి రోజు సాయంత్రం ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి. పాన్ అంచు చుట్టూ, ప్లగ్ చుట్టూ పొడి కాగితం తిప్పి చూడండి. పని రోజు ఒలికిన ఆయిల్ క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్ కింది అడ్డ దూలం) మీద నిలిచి రోజుల తరబడి చుక్కలు పడుతుంది, దాన్ని లీకు అనుకుని బోల్టులు బిగించకండి. శుభ్రంగా కడిగి, మళ్లీ చూడండి.

పాత ఆయిల్ ఏం చేయాలి?

మూత ఉన్న డబ్బాల్లోకి పోసి, వాడిన ఆయిల్ తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. నేల మీదా, కాలువలోనూ పోయకండి. పాన్ కడిగిన బ్రేక్ క్లీనర్ అందులో కలపొద్దు, కలిస్తే ఎవరూ తీసుకోరు. ఫిల్టర్‌ను రాత్రంతా బోర్లించి ఉంచండి, దాంట్లోంచి కూడా ఒక గ్లాసుడు దాకా వస్తుంది.